పల్లకీలో కవి లేదు

"సంస్కృతిని ఎలా కాపాడుకోవాలో జపాన్ వాళ్ళని చూసి నేర్చుకోవాలండీ." ఈ వాక్యాన్ని సాహిత్య సభల్లో, యాత్రా వ్యాసాల్లో, ఉగాది సంచికల్లో ఎన్నిసార్లు విన్నానో, చదివానో లెక్కలేదు. వాక్యం అక్కడితో ఆగితే నాకే పేచీ లేదు. కానీ ఆగదు. దాని వెనకే ఒక దృశ్యం వస్తుంది. క్యోటో నగరం, వసంతం, విరగబూసిన చెర్రీ చెట్లు, వాటి కింద కిమోనో కట్టుకుని, తల కాస్త వంచి, చిన్న చిన్న అడుగులేసుకుంటూ వెళ్ళే అమ్మాయిలు. ఆ వెంటనే చూపు మన మీదకి తిరుగుతుంది. "మరి మన ఆడపిల్లలు? పండగపూట చీర కట్టుకోమన్నా మొహం మాడ్చుకుంటారు." క్యోటోలో మొదలైన ఉపన్యాసం మన చున్నీ దగ్గర తేలుతుంది.

2023లో మార్చి నుంచి మే దాకా నేను క్యోటోలో ఉన్నాను. హేయాన్ కాలపు రచయిత్రుల మీద చేస్తున్న పని కోసం వెళ్ళాను. ముందు ఆ చెర్రీ చెట్ల కింది అమ్మాయిల సంగతి తేల్చేస్తాను. వాళ్ళలో ఎక్కువమంది నాలాగే యాత్రికులు. గుళ్ళకి వెళ్ళే వీధుల పొడుగునా కిమోనోలు అద్దెకిచ్చే దుకాణాలున్నాయి. పొద్దున కట్టించి, జుట్టు ముడివేసి పంపిస్తారు. సాయంత్రం దుకాణం మూసేలోగా తెచ్చి ఇచ్చెయ్యాలి. చాలావరకు పాలిస్టరే. నాకు గది ఇచ్చిన డెబ్బై ఏళ్ళ క్యోటో ఆవిడ ఆ మూడు నెలల్లో ఒక్కసారి కూడా కిమోనో కట్టలేదు. ప్యాంటూ చొక్కా వేసుకుని సైకిలు మీద వెళ్ళి కూరగాయలు తెచ్చుకునేది. మన వ్యాసకర్తలకి ఆవిడ కనపడదు. కనపడినా రాయరు.

క్యోటో వసంతం అందంగా ఉండదని నేననను. ఉంటుంది. కళ్ళు చాలనంత అందంగా ఉంటుంది. నా తగువు ఆ అందంతో కాదు, దానికి తగిలించిన "వెయ్యేళ్ళ సంప్రదాయం" అనే చీటీతో. ఆ వసంతంలో స్త్రీలని ముందు నిలబెట్టే ఉత్సవాల్లో పేరున్నవి రెండు. ఒకటి 1872లో పుట్టింది. రెండోది పాతదే, కానీ అందులో ఇవాళ మనం చూడబోయే స్త్రీ 1956లో వచ్చి చేరింది. ఆ నగరంలో నిజంగా వెయ్యేళ్ళ వయసున్నది స్త్రీల రచన. పండగకి కావలసిన దుస్తుల వర్ణనలూ, బళ్ళ వర్ణనలూ అందులోంచే తీసుకుంటారు. రాసిన మనిషిని మాత్రం బయట వదిలేస్తారు.

మార్చి 3న వచ్చే హినా మత్సురితో ఈ రుతువు మొదలవుతుంది. ఆడపిల్లల పండగ. మన బొమ్మల కొలువులాగే మెట్లు కట్టి, ఎర్రగుడ్డ పరిచి బొమ్మలు పేరుస్తారు. పై మెట్టు మీద చక్రవర్తీ మహారాణీ పక్కపక్కన కూచుని ఉంటారు. కింది మెట్ల మీద పరిచారికలు, వాద్యగాళ్ళు. షిమోగామో గుడి దగ్గర గడ్డితో అల్లిన చిన్న బుట్టల్లో బొమ్మల జంటల్ని పెట్టి వాగులో వదులుతారు, పిల్లలకి కీడు పోవాలని. చూడముచ్చటగానే ఉంటుంది. కానీ పండగ అయిపోయాక బొమ్మల్ని వెంటనే ఎత్తి పెట్టకపోతే ఇంట్లో పిల్లకి పెళ్ళి ఆలస్యమవుతుందని ఒక నమ్మకం ఉంది చూశారూ, అసలు సంగతి అది. పిల్లకి అడుగులు రాకముందే ఆమె ఎక్కడికి చేరాలో మెట్లు కట్టి చూపిస్తారు. మా ఇంటావిడ నాలుగో తారీఖు పొద్దున్నే బొమ్మల్ని కాగితంలో చుడుతూ, "నలభై నాలుగేళ్ళుగా ఒక్క రోజు ఆలస్యం చెయ్యలేదు. మా అమ్మాయి పెళ్ళి చేసుకోలేదు. బొమ్మల తప్పేం లేదు పాపం" అంది. ఆవిడ నవ్వలేదు, నేనే నవ్వాను.

ఇక 1872. ఏప్రిల్ నెలంతా గియోన్ కోబు వాడలో జరిగే మియాకో ఓదోరి అనే నృత్య ప్రదర్శన లేకుండా ఏ యాత్రా వ్యాసమూ ఉండదు. రంగస్థలం మీదా, పక్కల ఉన్న పూలదారుల మీదా ఒకే రంగు కిమోనోల్లో వరసగా గెయికోలు, మైకోలు. పాటా వాళ్ళదే, వాద్యమూ వాళ్ళదే. గెయికో అంటే క్యోటోలో గీషాకి వాడే మాట, మైకో అంటే ఆ విద్య నేర్చుకుంటున్న పిల్ల. నేనూ టికెట్టు కొనుక్కుని చూశాను. దీన్ని అనాదిగా వస్తున్న ఆచారం అనుకునేవాళ్ళకి చరిత్ర కాస్త చెప్పాలి. 1869లో చక్రవర్తి క్యోటో వదిలి టోక్యో వెళ్ళిపోయాడు. వెయ్యేళ్ళు రాజధానిగా ఉన్న ఊరు ఒక్కసారిగా వెలవెలబోయింది. ఊరిని నిలబెట్టడానికి ప్రభుత్వాధికారులూ వర్తకులూ కలిసి వస్తు ప్రదర్శన పెట్టారు. 1872 వసంతంలో ఆ ప్రదర్శన చూడటానికి విదేశీయుల్ని ప్రత్యేక అనుమతితో ఊళ్ళోకి రానిచ్చారు. వచ్చినవాళ్ళకి వినోదం ఉండాలి కదా. అప్పటి అధికారి మాకిమురా మసనావో, ఇచిరికి అనే పేరున్న తేనీటి శాల యజమాని సుగియురా జిరోఎమోన్ పూనుకుని గియోన్ స్త్రీలతో సామూహిక నృత్యం ఏర్పాటు చేశారు. గెయికోలు అప్పటిదాకా గదిలో నలుగురైదుగురు అతిథుల ముందు ఆడేవాళ్ళు. వాళ్ళని వరసగా రంగస్థలం మీద నిలబెట్టడం అప్పుడే మొదలు. పొంతోచో వాడలోని కామోగావా ఓదోరి కూడా ఆ ఏటిదే. ఊరికి ఆదాయం పోయింది, ఆడవాళ్ళని ఆడించారు. సంప్రదాయం అంటే ఇది.

అదే ఏడు ఇంకో సంగతి జరిగింది. యాత్రా వ్యాసాల్లో అది ఉండదు. 1872 వేసవిలో మరియా లూజ్ అనే పెరూ దేశపు ఓడ యోకోహామా రేవులో ఆగింది. అందులో రెండొందల మందికి పైగా చైనా కూలీలు, బానిసల్లా. జపాన్ న్యాయస్థానం వాళ్ళని విడిపించింది. ఓడ తరఫు న్యాయవాది ఊరుకోలేదు. మీ దేశంలో ఆడవాళ్ళని ఒప్పంద పత్రాలు రాసి అమ్ముకోవడం లేదా, మమ్మల్ని అడగడానికి మీరెవరు అని ఎదురు తిరిగాడు. పరువు పోయిన ప్రభుత్వం అదే ఏడాది చివర పడుపువృత్తిలో ఉన్న స్త్రీలనీ గీషాలనీ వదిలిపెట్టాలని ఆజ్ఞ జారీ చేసింది. వాళ్ళ మీదున్న అప్పుల మాటేమిటన్న ప్రశ్నకి న్యాయశాఖ ఇచ్చిన వివరణ ఉంది, స్త్రీల చరిత్ర చదివేవాళ్ళెవరూ మరిచిపోలేనిది. ఈ స్త్రీలు మనుషులకుండే హక్కులు పోగొట్టుకున్నవాళ్ళు, పశువులతో సమానం, పశువుల నుంచి బాకీ వసూలు చెయ్యరు కాబట్టి వీళ్ళ నుంచీ అడగకూడదు అని! విడుదల చేసే కాగితం మీదే పశువులని ముద్ర. పైగా ఆ విడుదల కూడా ఎన్నాళ్ళు? మరుసటి ఏటికల్లా వేశ్యాగృహాలు "అద్దె గదులు" అని పేరు మార్చుకున్నాయి, స్త్రీలు "తమ ఇష్టపూర్వకంగా" ఆ గదులు అద్దెకి తీసుకుంటున్నట్టు లైసెన్సులు వచ్చాయి. 1956లో చట్టం చేసి, 1958లో దాన్ని పూర్తిగా అమలు చేసేదాకా అదే పద్ధతి నడిచింది.

ఏప్రిల్‌లో రంగస్థలం, ఏడాది చివర పశువుల సామ్యం. ఒకదానికోసం ఇంకొకటి చేశారని నేననను. అది కుట్ర కాదు, అంతకంటే మామూలు విషయం. ఆ రెండూ ఒకే మనుషుల గురించి అని ఎవరికీ అనిపించకపోవడమే నన్ను బాధపెడుతుంది.

ఇక్కడ నాతో విభేదించే స్నేహితులున్నారు. వాళ్ళు పితృస్వామ్యాన్ని వెనకేసుకొచ్చే ఉపన్యాసకులు కారు, నాతోపాటు సెమినార్లలో కూచునే స్త్రీవాదులు. గెయికోని బాధితురాలిగా చూడటం పాశ్చాత్యుల చూపు అంటారు. ఆ వాడల్లో ఇళ్ళ యజమానులు స్త్రీలే, గురువులు స్త్రీలే, వారసత్వం స్త్రీల నుంచి స్త్రీలకే వస్తుంది, ఇంత స్వయంప్రతిపత్తి ఉన్న స్త్రీల కళాసమాజం మీకు ఇంకెక్కడ దొరుకుతుంది అంటారు. ఇందులో నిజం ఉంది, చాలా ఉంది. మొదటి మియాకో ఓదోరికి నృత్యం సమకూర్చింది ఒక స్త్రీ, ఇనోఉఎ యాచియో ఆ పేరుతో మూడో ఆమె. నూరేళ్ళ వయసు దాకా బతికి 1938లో పోయింది. గియోన్ కోబులో ఇవాళ్టికీ ఆమె సంప్రదాయం తప్ప ఇంకోటి నేర్పరు. నాలుగో యాచియోనీ, 2015లో ఐదో యాచియోనీ ఆ దేశం సజీవ జాతీయ సంపదగా గుర్తించింది. ఆ రంగస్థలం మీద యాభై అరవై ఏళ్ళ గెయికోలు కూచుని షామిసెన్ వాయిస్తుంటే వాళ్ళ మొహాల్లో ఉన్న నిబ్బరం చూశాను. గీషా అనే మాటని వేశ్య అన్న అర్థంలో వాడిపారేసే మన తెలుగు పత్రికలవాళ్ళు ఆ మొహాలు చూసి సిగ్గుపడాలి.

కానీ ఆ నిబ్బరం దాకా చేరే దారి ఎవరు వేశారు? మైకోగా చేరేది పదిహేను పదహారేళ్ళ పిల్లలు, తప్పనిసరి చదువు అవగానే. ఐదారేళ్ళు జీతం ఉండదు. తిండి, బట్ట, శిక్షణ ఇల్లే చూస్తుంది, చేతి ఖర్చుకి కొంత ఇస్తుంది. ఆ ఏళ్ళ సంపాదన ఆ ఇంటిది. సొంత జుట్టుతోనే కొప్పు కట్టాలి, అది చెదరకుండా ఎత్తు దిండు మీద మెడ ఆనించి పడుకోవాలి. పదేపదే లాగి కట్టడం వల్ల నడినెత్తిన జుట్టు ఊడటం అక్కడ మామూలే. 2022లో మైకోగా ఉండి బయటికొచ్చిన ఒక అమ్మాయి, పదహారేళ్ళప్పుడు తనచేత మద్యం తాగించారని, అతిథులతో కలిసి స్నానానికి వెళ్ళమని ఒత్తిడి చేశారని బహిరంగంగా ఆరోపించింది. జపాన్‌లో మద్యానికి కనీస వయసు ఇరవై. దేశమంతా కొన్నాళ్ళు మాట్లాడుకుంది. నన్ను కదిలించింది ఆరోపణ కంటే దానికి వచ్చిన జవాబులు. "సంప్రదాయం పరువు తీసింది" అన్నారు చాలామంది. పిల్ల చెప్పింది నిజమా కాదా అని అడగడం తర్వాతి సంగతి. నోరు తెరవడమే మొదటి నేరం. ఇది మనకి తెలియని భాషా?

మన కళావంతుల చరిత్ర చదివినవాళ్ళకి నేను ఎక్కువ చెప్పక్కర్లేదు. ఇక్కడ సంస్కరణ పేరుతో వాళ్ళ దగ్గర్నుంచి ఆట తీసుకుని, 1947లో మద్రాసు చట్టంతో తలుపు మూసి, తర్వాత అదే ఆటని శుభ్రం చేసి వేరే ఇళ్ళ ఆడపిల్లలకి నేర్పుకున్నాం. ముద్దుపళని కావ్యాన్ని అచ్చువేసిన బెంగళూరు నాగరత్నమ్మని ఏమన్నారో, ఆ పుస్తకాన్ని ఎలా నిషేధించారో ఈ పాఠకులకి తెలుసు. క్యోటోలో దానికి తిరగేసి జరిగింది. ఆట వాళ్ళ చేతుల్లోనే ఉండిపోయింది, కానీ ఆడే షరతులు ఊరి ఆదాయం నిర్ణయించింది. ఏది మేలు అని నన్నడిగితే సంకోచించకుండా క్యోటోదే మేలంటాను. మేలైన దాన్ని ప్రశ్నించకూడదని మాత్రం ఎవరూ నాకు చెప్పలేరు.

దైగో-జి ఊరేగింపు గురించి క్లుప్తంగా. ఏప్రిల్ రెండో ఆదివారం ఆ గుడి ఆవరణలో హిదేయోషి పూలవిందుని తిరిగి నటిస్తారు. 1598లో ఆ పాలకుడు ఏడొందల చెర్రీ మొక్కలు తెప్పించి నాటించి, పదమూడొందల మందితో విందు చేశాడు. వాళ్ళలో దాదాపు అందరూ స్త్రీలే, భార్యలు, ఉంపుడుగత్తెలు, వాళ్ళ పరిచారికలు. ఒక్కొక్కరికి మూడు జతల కొత్త బట్టలట. వ్యాసకర్తలకి చాలా ఇష్టమైన ఘట్టం. ఆ విందుకి మూడేళ్ళ ముందు, 1595లో, ఇదే హిదేయోషి తన మేనల్లుడు హిదేత్సుగు మీద అనుమానంతో అతన్ని చచ్చేలా చేసి, అతని భార్యల్నీ ఉంపుడుగత్తెల్నీ పిల్లల్నీ సాంజో వంతెన దగ్గర కామో నది ఒడ్డున జనం చూస్తుండగా నరికించాడు. ముప్పై తొమ్మిది మంది. వాళ్ళలో కోమాహిమే అనే పదిహేనేళ్ళ పిల్ల ఉంది. ఉత్తరాది నుంచి అప్పుడప్పుడే ఆ ఇంటికి వచ్చింది. వాళ్ళ పేరున కట్టిన జుయిసెన్-జి అనే చిన్న గుడి ఇప్పటికీ అక్కడ ఉంది, పొంతోచో వీధికి కూతవేటు దూరంలో. వంతెన మీద పూలు చూడటానికి జనం కిక్కిరిసి ఉన్న రోజున నేను లోపలికి వెళ్ళాను. వరసగా చిన్న చిన్న రాళ్ళు. హిదేయోషి కోపం వచ్చినప్పుడు ఏం చెయ్యగలడో ఆ పదమూడొందల మంది స్త్రీలకీ తెలుసు. మూడు జతల బట్టలు మార్చుకుంటూ, పూలు చూస్తూ, నవ్వుతూ ఉన్నారు. ఆ నవ్వు ఎలా ఉండి ఉంటుందో నటించడం నేటి ఊరేగింపు వల్ల అయ్యే పని కాదు.

నా అసలు కోపం మే నెలది.

మే 15న అఓయి మత్సురి. 2023లో వాన వల్ల ఒకరోజు వాయిదా పడి 16న జరిగింది. మహమ్మారి వల్ల మూడేళ్ళు ఊరేగింపు లేదు, అందుకని జనం విరగబడ్డారు. పాత రాజప్రాసాదం నుంచి షిమోగామో గుడికి, అక్కడినుంచి కామిగామో గుడికి ఎనిమిది కిలోమీటర్లు. హేయాన్ కాలపు వేషాల్లో ఐదొందల మందికి పైగా, గుర్రాలు, వేలాడే పూలగుత్తులు కట్టిన ఎద్దుబండి, అందరి తలల మీదా అఓయి ఆకులు. డబ్బు కట్టినవాళ్ళకి కుర్చీలు, మిగిలినవాళ్ళకి నేల. చివరి భాగంలో స్త్రీల వరస, వాళ్ళ మధ్యలో పల్లకీలో సాయోదాయ్. పన్నెండు పొరలని పేరున్న పట్టుబట్టలు, ఇరవై కిలోల పైమాటే. నల్లరంగు పూసిన పళ్ళు. అందరూ ఎదురుచూసేది ఆమె కోసమే. పెళ్ళికాని అమ్మాయి అయ్యుండాలి. దరఖాస్తులు ఉండవు, క్యోటోతో సంబంధమున్న కుటుంబాల నుంచి ఎంపిక చేస్తారు. ఊరేగింపు పొడుగునా ఆమె కదలకుండా, పలకకుండా ఎదరకి చూస్తూ కూచుంటుంది.

సాయోదాయ్ అంటే సాయ్ఓకి ప్రతినిధి అని అర్థం. కామో గుళ్ళకి సేవ చెయ్యడానికి పంపిన రాజకుమార్తెని సాయ్ఓ అనేవాళ్ళు, సాయిన్ అని కూడా. 810లో మొదటి ఆమె, 1212లో చివరి ఆమె. నాలుగు వందల ఏళ్ళలో ముప్పై అయిదుగురు. తర్వాత ఆ పదవే లేదు. పండగ కూడా యుద్ధాల వల్ల ఆగి, 1694లో మళ్ళీ మొదలై, మళ్ళీ ఆగి, ఇంకో యుద్ధం తర్వాత ఊరేగింపు 1953లో తిరిగి వచ్చింది. అందులో స్త్రీల వరసనీ సాయోదాయ్‌నీ కలిపింది 1956లో. ఏడు వందల నలభై ఏళ్ళుగా లేని మనిషికి ప్రతినిధిని తెచ్చి నడిబొడ్డున కూచోబెట్టారు. తేవడం తప్పు కాదు. స్త్రీలు లేని ఊరేగింపు కంటే ఉన్నదే నయం. ఎవరిని తెచ్చారు, ఆమెలో ఏం ఉంచారు, ఏం తీసేశారు అన్నదే నా ప్రశ్న.

వాళ్ళెవరో చూద్దాం. మొదటి సాయ్ఓ ఉచికో. సాగా చక్రవర్తి కూతురు, ఆ పదవిలో కూచోబెట్టేనాటికి నాలుగేళ్ళు నిండని పిల్ల. పెద్దయి చైనా భాషలో కవిత్వం రాసింది. ఆ విద్యని మగవాళ్ళ సొత్తు అనుకునే రోజుల్లో ఆమె పద్యాలు రాజాజ్ఞతో కూర్చిన సంకలనంలో చేరాయి. షోకుషి, పన్నెండో శతాబ్దంలో పదేళ్ళు సాయ్ఓ. షిన్ కొకిన్‌షూ అనే మహాసంకలనంలో ఆమె పద్యాలు నలభై తొమ్మిది, అందులో ఏ ఇతర స్త్రీకీ అన్ని లేవు. ఇక సెన్షి. నేను క్యోటో వెళ్ళింది ఆమె కోసమే. 975 నుంచి 1031 దాకా యాభై ఏడేళ్ళు, ఐదుగురు చక్రవర్తులు మారినా ఆమె మారలేదు. పన్నెండేళ్ళ పిల్లగా వెళ్ళి ముసలిదై బయటికొచ్చింది. ఆమె ఇల్లు రచయిత్రుల కొలువు. మురసాకి షికిబు తన దినచర్యలో ఆ కొలువులోని ఒకామె ఉత్తరాన్ని పట్టుకుని, మా కొలువు మీ కొలువంత తీరిగ్గా ఉంటే మేమూ రాయగలం అన్న ధోరణిలో దెప్పుతుంది. పోటీ ఉన్నచోటే కదా దెప్పుళ్ళు. సెన్షి కొత్త కథ కావాలని అడిగినందువల్లే మురసాకి గెంజి గాథ రాసిందని ఒక ఐతిహ్యం కూడా ఉంది. నిజం కాకపోవచ్చు. అలాంటి కథ పుట్టేంత పాఠకురాలు ఆమె అన్నది నిజం.

సాయ్ఓ ఉండే ఇంట్లో కొన్ని మాటలు పలకకూడదు. చావుని "నయమవడం" అనాలి. జబ్బుని "విశ్రాంతి" అనాలి. రక్తాన్ని "చెమట" అనాలి. ఏడుపుని "ఉప్పు కారడం" అనాలి. బౌద్ధానికి సంబంధించినవన్నీ నిషిద్ధం, ఆ కాలంలో మనసున్న ప్రతి మనిషీ సాంత్వన వెతుక్కునేది అక్కడే అయినా. సెన్షి యాభై ఏడేళ్ళు ఆ నిషేధాల మధ్య బతికింది. ఆ ఇంట్లో కూచునే 1012లో బౌద్ధ సూత్రాల మీద యాభై అయిదు పద్యాల పుస్తకం కూర్చింది. పలకకూడని మాటల ఇంట్లో ఒక స్త్రీ, పలకకూడని దాని గురించే పుస్తకం. ఇంతకంటే పెద్ద సాహిత్య సంఘటన నాకు తెలిసిన స్త్రీల చరిత్రలో ఎక్కువ లేవు. ఇదీ సాయ్ఓ అంటే. 1956లో తిరిగి తెచ్చినప్పుడు ఈ మనిషిలోంచి పెళ్ళికానితనం ఉంచారు, పట్టుబట్టల పొరలు లెక్కపెట్టి ఉంచారు, పళ్ళకి నలుపు ఉంచారు. కలం తీసేశారు. మౌనం ఉంచారు. ఆమె దేనికి వ్యతిరేకంగా రాసిందో సరిగ్గా దాన్నే సంప్రదాయం అని ఊరేగిస్తున్నారు.

గెంజి గాథలో ఈ పండగ సమయపు ఘట్టం ఉంది. ఆ అధ్యాయం పేరే అఓయి. కొత్త సాయ్ఓ శుద్ధిస్నానానికి వెళ్ళే ఊరేగింపు చూడటానికి ఊరంతా బళ్ళు కట్టుకుని వస్తుంది. గెంజి ప్రియురాలు రోకుజో, చనిపోయిన యువరాజు భార్య, ఎవరికీ తెలియకుండా మామూలు బండిలో వచ్చి చోటు చూసుకుంటుంది. ఆలస్యంగా వచ్చిన గెంజి భార్య మనుషులు తాగిన మత్తులో ఆ బండిని వెనక్కి నెట్టి, కాడి ఆన్చే బల్ల విరగ్గొడతారు. ఆ అవమానం రోకుజోలోంచి బయటికి నడిచి వెళ్ళి గర్భిణిగా ఉన్న ఆ భార్యని పట్టుకుంటుంది. బిడ్డని కని ఆమె చనిపోతుంది. చాలామంది దీన్ని ఆడవాళ్ళ అసూయ కథ అంటారు. కాదు. గుర్రం మీద అందంగా సాగిపోతున్న మగవాడు ఊరేగింపులో ఉన్నాడు. కొట్టుకున్నది రోడ్డు పక్క. పండగని రోడ్డు పక్క నుంచి చూడమని మురసాకి వెయ్యేళ్ళ కిందటే చెప్పింది. ఫుమికో ఎంచి 1958లో అదే రోకుజోని తీసుకుని కొత్త నవల రాసింది, సాయోదాయ్‌ని పల్లకీ ఎక్కించిన రెండేళ్ళకి. ఒకే దశాబ్దంలో ఒకే గతం నుంచి ఊరు బొమ్మని తీసుకుంది, రచయిత్రి కోపాన్ని తీసుకుంది.

క్యోటో మురసాకిని మరిచిపోయిందని కాదు. 2008లో గెంజి గాథకి వెయ్యేళ్ళని ఊరంతా ఘనంగా చేసింది. మిఠాయి డబ్బాల మీద కూడా ఆమె బొమ్మ ఉంటుంది. పుస్తకాల ఊరు వేరు, పండగల ఊరు వేరు అని విడదీసి పెట్టుకున్నారంతే. పల్లకీలో ఆ అమ్మాయి దగ్గర ఒక్క పద్యం ఉంటే, సెన్షిదో షోకుషిదో, గుడి ముందు పల్లకీ దిగి గట్టిగా చదివితే సంప్రదాయానికి ఏం నష్టం? ఆ మాట అక్కడి ఒక పరిశోధకురాలితో అన్నాను. ఆమె చాలా మర్యాదగా, "ఆ బరువుతో ఊపిరి తీసుకోవడమే కష్టం" అంది. హాస్యానికి అందో నిజానికి అందో నాకు ఇప్పటికీ తెలీదు. రెండు విధాలా సరిపోతుంది.

జపాన్‌ని చూసి నేర్చుకోమనే పెద్దలు ఉచికో పేరు విన్నారా? సెన్షి పేరు? ఆ దేశపు వసంతం గురించి నాలుగు పేజీలు రాసి రచయిత్రి పేరు ఒక్కటీ ఎత్తకపోవడం ఎలా సాధ్యమైంది? హేయాన్ స్త్రీలు రాసిన దినచర్యలనీ పద్యాలనీ తెలుగు చెయ్యడానికి డబ్బూ ఓపికా ఉండవు గానీ, కిమోనో మీద ప్రత్యేక సంచికకి రంగుల పేజీలుంటాయి. ఈసారి ఎవరైనా నా ముందు ఆ వాక్యం అంటే, అలాగేనండీ, ఏ పద్యంతో మొదలుపెడదాం అని అడగదలుచుకున్నాను.

ఊరేగింపు అయిన మర్నాడు మురసాకినో ప్రాంతానికి వెళ్ళాను. సాయ్ఓల నివాసం ఉండేదని చెప్పే చోట చిన్న గుడి ఉంది, ముందు ఒక రాతి మీద ఆ సంగతి చెక్కి ఉంది. చుట్టూ మామూలు ఇళ్ళు, ఆరేసిన బట్టలు, ఒక పిల్లి. సెన్షి యాభై ఏడేళ్ళు ఉన్న చోటు అది. ముందురోజు ఐదొందల మంది నడిచింది ఇటు కాదు. వాళ్ళ దారి కామో నది పక్కనుంచి.